గుండు గాయం ఎంతవరకు చెబుతుంది?



చేజర్లలో నాకు మేనమామ వరసయ్యే పెద్దాయన ఒకరుండేవారు. కుర్రతనంలో వెలిగొండల వైపు అడవిపందుల వేటకు పోయిన జట్టులో ఆయనా ఒకరు. నేను వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ చెబుతానని, అంటే శవపరీక్షల డాక్టరునని తెలిసిన నాటినుంచి ఊరికి ఎప్పుడు వెళ్ళినా టీ బంకు దగ్గర ఒకటే వాదం పెట్టుకునేవారు. "అల్లుడా, బొక్క పెద్దదిగా ఉండే వైపే గుండు దూరింది. దూరేటప్పుడు గదా దానికి ఊపెక్కువ? బయటికి పొయ్యేసరికి నీరసపడి చిన్న బొక్క చేసుకుని పోతుంది. నేను ఎన్ని పందుల్ని చూళ్ళేదు!"

లెక్క చూస్తే బాగానే ఉంది. కానీ చర్మం ఆ లెక్క వినదు.

చర్మం సాగే గుణం ఉన్న వస్తువు. గుండు వచ్చి తగలగానే అది వెంటనే చిరగదు. ముందు గుండుతో పాటు లోపలికి గుంట పడుతుంది, సాగుతుంది, ఆ తర్వాత చిల్లు పడుతుంది. గుండు దాటిపోయాక మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే దూరిన చిల్లు ఒక్కోసారి గుండు లావు కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. చిల్లు కొలిచి ఇది ఫలానా సైజు తుపాకి అని చెప్పేవాడిని నమ్మకండి. ఆ సాగుడులో గుండు పక్కలు చర్మాన్ని గీరుతాయి. చిల్లు చుట్టూ ఎర్రగా, ఎండితే గోధుమరంగుగా మారే సన్నని రాపిడి వలయం మిగులుతుంది. గుండు ఎదురుగా వస్తే ఆ వలయం చుట్టూతా ఒకే వెడల్పు ఉంటుంది. ఏటవాలుగా వస్తే వచ్చిన వైపున వెడల్పుగా, అవతలి వైపున సన్నగా ఉంటుంది. మేం ముందు వెతికేది ఈ వలయాన్నే, చిల్లు సైజును కాదు.

బయటికి పోయే గుండు సంగతి వేరు. లోపల ఎముకకు తగిలి ఉండొచ్చు, వంకర పోయి ఉండొచ్చు, పక్కకు తిరిగి ఉండొచ్చు. అది చర్మాన్ని లోపలినుంచి తోసి చించుకుని పోతుంది. అంచులు బయటికి విచ్చుకుంటాయి. రాపిడి వలయం ఉండదు. మామూలుగా పెద్దదిగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. అయితే ఇదీ శిలాశాసనం కాదు. మనిషి గోడకు ఆనుకుని ఉన్నా, గుండు బయటికి వచ్చే చోట బిగుతుగా నడుం పట్టీ ఉన్నా, చర్మం ఆ గోడకో పట్టీకో ఒరుసుకుని బయటికి పోయిన గాయానికి కూడా రాపిడి వలయం వస్తుంది. అనుభవం లేని కన్ను అక్కడే బోల్తా పడుతుంది.

మా మామ మాట నిజమయ్యే సందర్భం కూడా ఒకటుంది. తుపాకి మూతిని తలకు ఆనించి కాల్చినప్పుడు గుండు వెనకే వచ్చే వేడి గాలికి పోయే దారి ఉండదు. కింద పుర్రె గట్టిగా అడ్డం ఉంటుంది కాబట్టి ఆ గాలి చర్మానికీ ఎముకకూ మధ్య చొరబడి, చర్మాన్ని బుడగలా పైకి లేపి నాలుగు వైపులా చీల్చేస్తుంది. నక్షత్రం ఆకారంలో పెద్ద గాయం. అది గుండు దూరిన గాయమే. దాని లోపల మసి ఉంటుంది. అక్కడి కండ మామూలు కన్నా ఎర్రగా మెరుస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తుటిలో కలిసినందువల్ల వచ్చే రంగు అది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన బంకులో కూర్చున్న వాళ్ళందరి వైపు చూసి, "చెప్పలా?" అన్నారు.

ఇక దూరం సంగతి. తుపాకి పేలితే మూతిలోంచి గుండు ఒక్కటే రాదు. మంట వస్తుంది, పొగ వస్తుంది, కాలీకాలని మందు పలుకులు వస్తాయి. ఒక్కోదాని పరుగు ఒక్కో దూరం. మంట కొన్ని అంగుళాలకు మించి పోదు. అది తగిలితే చర్మం కమిలి, వెంట్రుకల కొనలు మాడి ఉండచుట్టుకుంటాయి. పొగ ఇంకాస్త ముందుకు పోయి మసిగా అంటుకుంటుంది. పిస్తోలు, రివాల్వరు అయితే సుమారు ఒక అడుగు లోపలే. మందు పలుకులు బరువైనవి కాబట్టి అంతకన్నా దూరం, రెండడుగులు, కొన్ని ఆయుధాల్లో మరికొంచెం పైన కూడా ఎగిరి చర్మంలో గుచ్చుకుంటాయి. చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. వీటికి మా పుస్తకాల్లో ఉన్న పేరుకు అర్థం పచ్చబొట్టు. మన అవ్వల చేతుల మీది పచ్చబొట్టు లాంటిదే. సూది లోపలికి దించిన రంగు కడిగితే పోదు.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోండి. మసి తుడిస్తే పోతుంది. మందు పలుకుల చుక్క తుడిచినా పోదు. ఈ ఒక్క తేడా మీద ఎన్నో కేసుల తలరాత ఆధారపడింది. దానికి మళ్ళీ వస్తాను.

ఈ దూరాలన్నీ బండ లెక్కలే. గొట్టం పొడుగు, మందు రకం, తూటా పాతదా కొత్తదా, మధ్యలో చొక్కా ఉందా, అన్నీ చూడాలి. అందుకే దూరం గట్టిగా చెప్పాలంటే అదే తుపాకితో, అదే రకం తూటాతో, వేర్వేరు దూరాలనుంచి గుడ్డ మీద కాల్చి పోల్చి చూడాలి. అది ల్యాబులో ఆయుధాల నిపుణులు చేసే పని. డాక్టరు చేయాల్సింది గాయాన్ని కొలిచి, ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టడం.

నాటు తుపాకి దగ్గర ఈ పుస్తకాల కొలతలు ఇంకా తడబడతాయి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో పెద్దవాళ్ళకు ఇది ఎట్లా నింపుతారో చెప్పక్కర్లేదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డ పేలికో కొబ్బరి పీచో కాగితమో కుక్కి, కడ్డీతో దట్టించి, ఆపైన సీసపు రవ్వలో సైకిలు బేరింగు గుండ్లో వేసి, జారిపోకుండా మళ్ళీ పేలిక కుక్కుతారు. మందు పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు. ఫ్యాక్టరీ తూటాలోని పొగలేని మందుతో పోలిస్తే ఇది విపరీతంగా పొగ కక్కుతుంది, పలుకులు సగం కాలకుండానే ఎగురుతాయి. కాబట్టి పిస్తోలుకు చెప్పిన అడుగు, రెండడుగుల లెక్కను దీనికి వాడితే దూరం తప్పుతుంది. దూరంనుంచి కాల్చినదాన్ని దగ్గరనుంచి కాల్చారని రాసేస్తాం. రాసేది డాక్టరే అయినా ఆ తప్పుకు జైల్లో కూర్చునేది ఇంకొకరు.

రవ్వలు గొట్టం దాటాక గుంపుగా బయలుదేరి క్రమంగా విడిపోతాయి. మీటరు లోపల అయితే అన్నీ కలిసి ఒకే పెద్ద చిల్లు. ఇంకొంచెం దూరమైతే ఆ చిల్లు అంచులు ఎలుక కొరికినట్టు తయారవుతాయి. రెండు మూడు మీటర్లు దాటేసరికి మధ్య చిల్లు చుట్టూ విడి రవ్వల చిల్లులు మొదలవుతాయి. ఆ తర్వాత మధ్య చిల్లు పోయి అంతా పొడలు పొడలుగా మిగులుతుంది. ఫ్యాక్టరీలో చేసిన పన్నెండు బోరు తుపాకికి పాతకాలం నుంచి ఒక మోటు సూత్రం ఉంది. రవ్వలు పరుచుకున్న వెడల్పు ఎన్ని అంగుళాలో, దూరం దాదాపు అన్ని గజాలు అని. నాటు తుపాకికి దీన్ని వాడటానికి నాకు మనసొప్పదు. దాని గొట్టం ఏ ఊళ్ళో ఎవరు ఏ పైపుతో చేశారో!

గొట్టంలో కుక్కిన పేలిక మాత్రం బంగారం లాంటి సాక్ష్యం. దగ్గరనుంచి కాలిస్తే అది కూడా గాయంలోకి పోతుంది. 1784లో ఇంగ్లండులోని లాంకాస్టర్‌లో ఎడ్వర్డ్ కల్షా అనే ఆయన పిస్తోలు దెబ్బకు చనిపోయాడు. గాయంలో కుక్కుడు కాగితం ముక్క దొరికింది. వీధుల్లో అమ్మే పాటల కాగితంలోంచి చించిన ముక్క అది. జాన్ టామ్స్ అనే అతని జేబులో మిగతా కాగితం దొరికింది. రెండు అంచులూ అతికినట్టు కలిశాయి. మైక్రోస్కోపు అక్కర్లేదు, రసాయనం అక్కర్లేదు. గాయంలో ఉన్న చెత్తను చెత్త అని పారెయ్యని కన్ను ఉంటే చాలింది. మన దగ్గర ఆ పేలిక పాత పంచె ముక్క కావచ్చు, బీడీ కట్ట కాగితం కావచ్చు. అందుకే గాయంలోంచి తీసిన ప్రతి పోగునూ ఆరబెట్టి, కవరులో పెట్టి, సీలు వేసి పంపాలి.

గుండును తీసేటప్పుడు కూడా చేతికి నిదానం కావాలి. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. వాటి గీతలు గుండు ఒంటిమీద పడతాయి. ఫలానా గుండు ఫలానా తుపాకిలోదే అని నిపుణులు చెప్పేది ఆ గీతల్ని పోల్చే. పళ్ళున్న పట్టకారుతో గుండును లాగితే ఆ గీతల మీద మన గీతలు పడతాయి. వేళ్ళతోనో, రబ్బరు తొడిగిన పట్టకారుతోనో తీయాలి. కత్తి పట్టకముందే ఎక్స్‌రే తీయాలి. దూరిన చిల్లులెన్ని, పోయిన చిల్లులెన్ని, లోపల మిగిలినవి ఎన్ని, ఈ మూడూ కలవాలి. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ పార్థివ దేహానికి ఢిల్లీ ఎయిమ్స్‌లో శవపరీక్ష చేసింది డాక్టర్ టి. డి. డోగ్రా. కాల్చిన 33 గుండ్లలో 30 తగిలాయని, 23 దూసుకుపోయాయని, 7 లోపల ఉండిపోయాయని ఆయన లెక్క తేల్చారు. స్టెన్‌గన్నుతో, రివాల్వరుతో ఇద్దరు కాల్చిన దేహంలో అలా లెక్క కట్టడం ఎంత ఓపిక పనో ఆలోచించండి.

ఎముక సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఇది మన ఇళ్ళల్లోనే కనిపించే సూత్రం. కిటికీ అద్దానికి పిల్లలు గులకరాయి విసిరితే బయటి వైపు చిన్న చిల్లు, లోపలి వైపు గరాటులా వెడల్పుగా రాలిన పెంకు. పుర్రె కూడా అంతే. గుండు దూరిన చోట గరాటు వెడల్పు లోపలికి, పోయిన చోట వెడల్పు బయటికి. చర్మం కుళ్ళిపోయి ఎముకలే మిగిలినా దిశ తెలుస్తుంది. రెండు గుండ్లు తగిలితే ఏది ముందో కూడా ఒక్కోసారి తెలుస్తుంది. ఎండాకాలంలో చెరువు ఎండి నెర్రెలు విచ్చుతుంది కదా, తర్వాత వచ్చిన నెర్రె అంతకుముందే ఉన్న నెర్రె దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, దాన్ని దాటదు. పుర్రె మీది పగుళ్ళూ అంతే. ఆగిపోయినది రెండో దెబ్బ. జర్మనీలో దీనికొక పండితుడి పేరు పెట్టుకున్నారు. మన రైతుకు పేరు లేకుండానే తెలుసు.

ఇంత శాస్త్రం ఉన్నా, మొదటి చూపు తప్పితే పెద్ద పెద్ద దేశాలే తడబడ్డాయి. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రికి తెచ్చినప్పుడు గొంతు ముందు భాగంలో చిన్న గాయం ఉంది. ఊపిరి ఆడించడానికి అక్కడి డాక్టర్లు సరిగ్గా ఆ గాయం మీదే కోత పెట్టి గొట్టం వేశారు. ప్రాణం కాపాడాలనుకునే వాళ్ళు అదే చేస్తారు, తప్పు పట్టలేం. ఆ మధ్యాహ్నం విలేకరులతో డాక్టర్ పెర్రీ అది గుండు దూరిన గాయంలా ఉందన్నారు. ఆ రాత్రి బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో శవపరీక్ష చేసిన డాక్టర్ హ్యూమ్స్ బృందానికి కనిపించింది ఆపరేషన్ కోత మాత్రమే. వీపు పైభాగంలో గుండు దూరిన చిల్లుంది, బయటికి పోయిన చిల్లు లేదు, లోపల గుండూ లేదు. మర్నాడు డాలస్‌కు ఫోన్ చేస్తే గానీ ఆ కోత కింద ఒక గాయం ఉండేదని ఆయనకు తెలియలేదు. హ్యూమ్స్ మంచి పాథాలజిస్టే, కానీ తుపాకి గాయాల్లో తర్ఫీదు పొందినవాడు కాదు. అరవయ్యేళ్ళు దాటినా ఆ గొంతు గాయం మీద పుస్తకాలు అచ్చవుతూనే ఉన్నాయి.

మన దగ్గరికి వద్దాం. 2020 జూన్‌లో మన చేజర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర పెన్న ఇసుకలో కూరుకుపోయిన నాగేశ్వరస్వామి గుడిని ఊరివాళ్ళు తవ్వి బయటపెట్టారు. ఆ వార్త విన్నప్పుడు అందరూ గుడిని తలచుకుంటే, మా వృత్తి పిచ్చి ఏమో, నేను ఇసుకను తలచుకున్నాను. ఏ వరదకు ఏ పొర పడిందో చెప్పగలిగింది ఆ ఇసుకే. ఒకసారి తీసి పక్కన పోశాక ఆ పొరలు ఎవరూ మళ్ళీ పేర్చలేరు. మొదటి శవపరీక్ష కూడా అలాంటి తవ్వకమే.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, చంద్రగిరి దగ్గర, 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కేసు. ఆ చెట్టు మన వెలిగొండల్లోనూ ఉంది కాబట్టి ఈ కథ మనకు పరాయిది కాదు. రాళ్ళతో, కొడవళ్ళతో దాడి చేస్తే కాల్చామని పోలీసులు చెప్పారు. దగ్గరనుంచి కాల్చారని, ఒంటిమీద కాలిన గుర్తులున్నాయని బంధువులు, హక్కుల సంఘాలవాళ్ళు అన్నారు. హైదరాబాదులోని హైకోర్టు ఆరు మృతదేహాలకు రెండోసారి శవపరీక్ష చేయమంది. హైదరాబాదు నుంచి వెళ్ళిన డాక్టర్ల బృందం తిరువణ్ణామలైలో ఆ పని చేసింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడూ ఇదే జరిగింది. 17 రోజుల తర్వాత, డిసెంబరు 23న, ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు గాంధీ ఆసుపత్రికి వచ్చి రెండోసారి పరీక్ష చేశారు.

రెండో పరీక్ష చేసే డాక్టరు పరిస్థితి వినండి. దేహం ముందే కోసి, అవయవాలు తీసి, కుట్టి ఉంటుంది. కడిగి ఉంటుంది. బట్టలు వేరే చోట ఉంటాయి. రోజుల తరబడి చల్లటి గదిలో ఉన్న చర్మం రంగు మారి ఉంటుంది. మందు పలుకుల చుక్కలు ఉంటే ఇంకా కనిపిస్తాయి, గుండు దారి కొంత తెలుస్తుంది, ఎముక చెప్పేది ఎముక చెబుతుంది. మసి మాత్రం పోతుంది. ఇప్పుడు మసి లేదు అంటే, అప్పుడూ లేదని అర్థమా, కడిగితే పోయిందని అర్థమా? దానికి జవాబు మొదటి డాక్టరు రాసిన కాగితంలోనూ తీసిన ఫోటోల్లోనూ ఉండాలి. అందుకే 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల మీద ఇచ్చిన తీర్పులో, శవపరీక్ష జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలని, దాన్ని వీడియో తీసి భద్రపరచాలని చెప్పింది. న్యాయం దృష్టితో రాసిన మాటే అయినా, నాకు అది మంచి పాథాలజీ పాఠంలా వినిపిస్తుంది.

చటాన్‌పల్లి మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తన నివేదికలో చెప్పింది. అయితే ఉద్దేశం అన్న మాట ఏ గాయం మీదా రాసి ఉండదు. కమిషన్ ఎందరో సాక్షుల్ని విచారించి, పోలీసుల కథనాన్ని తూచి ఆ నిర్ణయానికి వచ్చింది. గాయాలు ఆ త్రాసులో ఒక రాయి. 2010 జులైలో ఆదిలాబాద్ అడవుల్లో మావోయిస్టు నేత చెరుకూరి రాజకుమార్, జర్నలిస్టు హేమచంద్ర పాండే చనిపోయిన కేసు గుర్తుందా? శవపరీక్ష నివేదికలో గాయం అంచులు నల్లబడి, కాలినట్టు ఉన్నాయన్న మాటను పట్టుకుని, అతి దగ్గరనుంచి కాల్చారని కొందరు వాదించారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, సీబీఐ విచారణ జరిగింది. పోలీసుల కథనమే నిజమని సీబీఐ తేల్చింది. నేను ఆ దేహాల్ని చూడలేదు, తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. కానీ నల్లబడిన అంచు అన్న రెండు మాటలు చూస్తే మాత్రం నా చేయి అలవాటుగా ఎర్ర సిరా కలం వైపు పోతుంది. నల్లదనం ఎంత వెడల్పు? తుడిస్తే పోయిందా? మసా, లేక గాయం అంచు ఎండి నల్లబడిందా? రాపిడి వలయం ఎండినా నల్లగానే కనిపిస్తుంది. చుట్టూ చుక్కలు ఉన్నాయా? చొక్కా మీద ఏముంది? ఈ ఐదు ప్రశ్నలకూ ఒక్కో వాక్యం రాసి ఉంటే, ఏళ్ళ తరబడి నడిచే వాదనల్లో సగం తగ్గుతాయి.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టాల్సిన సంగతులు కావు. దేశంలో ఏ మూల వైద్యవిద్యార్థిని అడిగినా ఈ సబ్జెక్టుకు చదివేది నారాయణరెడ్డి గారి పుస్తకం అంటాడు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో పాఠం చెప్పిన డాక్టర్ కె. ఎస్. నారాయణరెడ్డి గారు మన తెలుగువారు. పుస్తకం ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంది. కానీ రాత్రి పది గంటల డ్యూటీలో, కరెంటు పోతూ వస్తూ ఉన్న శవాల గదిలో, పక్కన వార్డులో కాన్పు కేసు కేకలు వేస్తుంటే, తుపాకి గాయం అంతకుముందు ఎప్పుడూ చూడని యువ డాక్టరుకు ఆ పేజీ గుర్తుకు రావాలి. ఆ డాక్టరును తిట్టడం తేలిక. మా విద్యార్థులకు నేనొకటే చెబుతుంటాను: అర్థం తెలియకపోతే అర్థం రాయొద్దు, కనిపించింది రాయండి, కొలిచి రాయండి.

చివరగా ఇళ్ళవాళ్ళకు సంబంధించిన మాట ఒకటి. చాలా ఏళ్ళ కిందట, ఊరి పేరు చెప్పను, ఒక పిల్లవాడి దేహం మా బల్ల మీదికి వచ్చింది. వేటలో పొరపాటున పేలిందని ఒకరు, కాదు ఎవరో కావాలని కాల్చారని ఒకరు. దేహం శుభ్రంగా ఉంది. పసుపు వాసన వేస్తోంది. తల్లి తన చేతులతో ఒళ్ళంతా తుడిచి, కొత్త చొక్కా తొడిగి పంపింది. పాత చొక్కా ఏదమ్మా అని బయటికి వెళ్ళి అడిగాను. "నెత్తురు మరకలు చూళ్ళేక వాగులో జాడించి దండేనికి ఆరేసినా నాయనా," అంది. ఆమెను ఏమనగలను? ఎంత దూరంనుంచి పేలిందో చెప్పే మసి ఆ వాగులో కలిసిపోయింది. చర్మం మీద చుక్కలు లేవు. నా నివేదికలో దూరం దగ్గర నేను రాయగలిగింది మూడే మాటలు: నిర్ధారించడం సాధ్యం కాలేదు.

కాబట్టి ఎవరి ఇంటికీ అలాంటి రోజు రాకూడదు గానీ, వస్తే దేహాన్ని కడగకండి, తుడవకండి. ప్రాణం ఉంటే ఆసుపత్రికి పరుగెత్తడమే ముందు, మిగతా అంతా తర్వాత. ఆసుపత్రిలో చొక్కా కత్తిరించాల్సి వస్తే, ఆ చిల్లు మీదుగా కాకుండా పక్కనుంచి కత్తిరించమని అడగండి. తీసిన బట్టను ఉతకొద్దు, దులపొద్దు, మడతపెట్టి ప్లాస్టిక్ సంచిలో కుక్కొద్దు. ప్లాస్టిక్‌లో తడి ఆరక బూజు పడుతుంది. నీడన ఆరనిచ్చి, మధ్యలో కాగితం పరిచి, కాగితపు సంచిలో పెట్టి, పంచనామాకు వచ్చిన వాళ్ళ చేతికిచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి.